ఎడం చేతి పిడి

పోయిన కార్తీకంలో
టమాటా తోట చుట్టూ కట్టిన నైలాన్ వలలో
మా చుక్కగొర్రె తల దూర్చింది.
కత్తి ఉన్నింది.
గట్టు మీద, సద్దిమూటలో,
ముప్పై అడుగుల దూరంలో.
పోయి తెచ్చేలోపల
అది కాళ్ళు తన్నుకోవడం మానింది.

అందుకే కల్యాణదుర్గం వచ్చినా,
అక్కులప్ప కొలిమికి.

"మెడలో ఏలాడే కత్తి గావాలప్పా" అంటే
తిత్తి కాడ పిల్లోడు నవ్వినాడు.
అక్కులప్ప నవ్వలే.
నా చేతుల దిక్కు చూసి
"పుర్రచెయ్యా?" అన్నాడు.
ఎట్ల తెలిసిందంటే
"కాయలు ఆ చేతికే ఉండాయి గదమ్మా."

తడి మట్టి ముద్ద చేతిలో పెట్టి
పట్టుకోమన్నాడు.
నా వేళ్ళ గుంటలు పడిన ఆ ముద్దను
గూట్లో ఆరబెట్టినాడు, రేగుకట్టె పిడికి కొలతని.
నా చేతికంటూ ఒక కొలత తీసింది
గాజులాయన తర్వాత ఈయనే.

ఇనుము లారీ కమాను పట్టా.
బేతంచెర్ల బండలు మోసి మోసి
ఏదో మలుపులో ఇరిగిందంట.
"బరువు తెలిసిన ఇనుము, మాట ఇంటాది."
దాగలి మీద అది ఎగిరెగిరి పడతాంటే
విన్నట్టయితే నాకు కనపడలే.

నేను చెప్పుకుంటా పోయినా.
అలుగు నాలుగేళ్ళు చాలు.
పిడి దగ్గర కొడవలికి మాదిరి కక్కులు పెట్టు,
నైలాన్ నున్నగా జారతాది.
మొన వద్దు.

సమ్మెట ఆగింది.
"మొన వద్దా?"
"మెడకూ వలకూ నడుమ దూరాల.
వల తెగాల, మెడ తెగగూడదు."

అక్కులప్ప పట్టకారు దించి
కొలిమి నిప్పుతోనే బీడీ ముట్టించుకున్నాడు.
"నలభై ఏండ్లాయ. వచ్చినోళ్ళంతా
మొన గురించే అడిగినారు.
కొందరు పగలు వచ్చినారు, కొందరు రాత్రి.
కొందరికి లేదని చెప్పినా.
కొందరికి చెప్పలేకపోయినా."
అంతే అన్నాడు. నేనూ అడగలే.
మొనను గుండ్రంగా కొట్టినాడు,
పసిబిడ్డ బొటనేలంత మెత్తగా.

ఒర నేనే తెచ్చుకున్నా.
మా చేన్లో నాలుగో బోరు పైపు ముక్క,
ఐదొందల అడుగులు దిగి
దుమ్ము తప్ప ఏమీ చూడని పైపు.
నిప్పుల మీద వెచ్చజేసి, మెత్తబడినాక
అలుగును మధ్యలో పెట్టి
రెండు బండల నడుమ అదిమినాడు.
చల్లారినాక తలకిందులుగా పట్టుకొని ఊపితే
కత్తి పడలే.
పిల్లోని మెడకేసి "ఎగురు" అన్నాడు.
వాడు ఎగిరినాడు, గుంజీలు తీసినాడు,
అడగకుండానే పిల్లిమొగ్గ కూడా వేసినాడు. పడలే.
కిందికి లాగితే మాత్రం టక్కున చేతికొచ్చింది.

తాడు దగ్గరే తగువు.
ఆయన నైలాన్ తాడు తీసినాడు, జన్మకు తెగదని.
నా ముందర నైలాన్ మాటెత్తొద్దన్నా.
"గొర్రెల ఎంట కంపల్లో దూరేదాన్ని.
కొమ్మకు తగులుకుంటే నాకే ఉరి గదప్పా.
నేను పడితే అది తెగాల."
"తెగితే కత్తి పోతాది."
"కత్తినైతే ఎతుక్కోవచ్చు."

మా అత్త వడికిన గొర్రెబొచ్చు తాడు
కొంగులోంచి తీసిస్తే
మెడ ఎనక ఒక్కచోట
నూలుదారంతో ముడేసినాడు.
లాగి చూసినా. తెగింది.
మళ్ళా కట్టించుకున్నా.

ఐదొందలు చెప్పె.
బేరం నాలుగు యాభైకి తెగింది.
ఫోన్‌లో వేస్తే, గోడకున్న డబ్బా
బజారంతా ఇనబడేట్టు లెక్క చెప్పె.

బస్సులో
పుస్తెల తాడూ కత్తి తాడూ పెనేసుకున్నాయి.
రెంటినీ ఇడదీసేలోపల
మా ఊరొచ్చె.

మరుసటి దినం
చుక్కగొర్రె పిల్ల దగ్గరికొచ్చి
పైపును మూచూసి, నాకి,
ఉప్పు లేదని తెలుసుకొని పాయె.

ఆ కత్తితో మొదట కోసింది ఎర్రగడ్డ,
సద్దిలోకి,
కూర్చున్న చోటినుంచి
లేయకుండానే.